దొడ్డమ్మ చేతి తరవాణి

"చివరిసారి ఎప్పుడు?" అని అడిగింది విజయనగరంలో డాక్టరమ్మ, రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తకుండా.

"పోయిన ఏడు శ్రావణంలో."

"బాగా గుర్తుందా?"

గుర్తుంది. మా దొడ్డమ్మ పోయిన నెల అది. ఆస్పత్రి నుంచి శవాన్ని ఇంటికి తెచ్చిన రోజే నేను బయట చేరాను. దగ్గరికి వెళ్ళకూడదన్నారు. నీళ్ళు పోయడానికి, కొత్తచీర కప్పడానికి వీధిలోని ఆడవాళ్ళు వచ్చారు. నన్ను పెంచిన మనిషిని నేను అరుగు చివర నిలబడి చూశాను.

డాక్టరమ్మ మనసులో లెక్క వేసుకుంది. "అయితే ఏడాది దాటిపోయింది. ఇంక ఆగిపోయినట్టేనండి" అంది.

ఆ ఒక్క మాట కోసం దొడ్డమ్మ ఏళ్ళ తరబడి ఎదురు చూసింది. ఇప్పుడు ఆ మాట చెప్పడానికి మనిషి లేదు.

ఒంట్లోంచి ఉన్నట్టుండి లేచే సెగ, పట్టని నిద్ర, కడుపు ఉబ్బరం, అన్నీ చెప్పాను. ఆవిడ కడుపులో మంచి చేసే సూక్ష్మజీవులున్న మాత్రలు రాసింది. "కడుపు బాగుంటే ఈ వయసులో మిగతావి కూడా కొంత సర్దుకుంటాయంటున్నారు. అందరికీ పనిచేస్తుందని మాత్రం నేను మాటివ్వలేను. పెరుగు తినండి, పులిసినవి తినండి" అంది. తర్వాత కలం పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "కాని ఇక మీదట ఎప్పుడైనా ఒక్క చుక్క కనబడినా వెంటనే రండి. మీలాంటి వాళ్ళు మొహమాటపడి దాచుకుంటారు."

"నాకు తెలుసు" అన్నాను.

కింద మందుల షాపులో అమ్మాయి పొట్లం చేతికిస్తూ, "ఫ్రిజ్‌లో పెట్టుకోండి మేడమ్, లోపలివి బతికుండాలి కదా" అంది. చీపురుపల్లి వెళ్ళే బస్సులో ఆ పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా దొడ్డమ్మ గొంతే వినబడింది. "గట్టిగా కేకలెయ్యకండే దాని దగ్గర. లోపలున్నవి బతికున్నవి."

*

దొడ్డమ్మ అంటే మా నాన్నగారి అన్నగారి భార్య. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. మా అమ్మ పోయాక నాకు అమ్మ ఆవిడే. చీపురుపల్లికి కాస్త అవతల మా ఊరు. అక్కడ మాది ముఖాసా కుటుంబం, రాజులిచ్చిన ఈనాం భూముల మీద బతికినవాళ్ళం. భూములు ఎలా పోయాయో చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. పోయాయి. చివరికి ఇల్లు కూడా రైసుమిల్లు వాళ్ళు కొన్నారు, పడగొట్టి గోడౌను కట్టుకున్నారు. అదే వీధి చివర రెండు గదుల పెంకుటింట్లోకి మారాం. ఆ రోజు బీరువా, మంచాలు బండి మీద వచ్చాయి. తరవాణి కుండ మాత్రం దొడ్డమ్మ చంకలో వచ్చింది. వీధిలో అందరూ చూస్తున్నారు. ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. కుండ తొణక్కుండా, నడుం వంచకుండా నడిచింది. మా ఇంటి వాళ్ళం ఎలా నడవాలో నేను ఆ రోజు నేర్చుకున్నాను.

తరవాణి అంటే తెలియని వాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. మట్టికుండలో గంజి, బియ్యం కడుగు, గుప్పెడు అన్నం వేసి, రెండు దబ్బాకులు తుంపి పడేసి మూల పెడితే పులుస్తుంది. ఆ పుల్లని నీళ్ళు రోజూ కొంచెం తీసి, రోజూ కొత్త గంజి కొంచెం పోయాలి. కుండ ఖాళీ కాకూడదు. తీసిన నీళ్ళలో ఉప్పు వేసుకుని తాగుతారు, లేదా చద్దన్నంలో పోసుకుని ఉల్లిపాయ నంజుకుని తింటారు. మా ఇంట్లో ఆ కుండ ఇసక పరుపు మీద, తూర్పు మూల ఉండేది. దొడ్డమ్మ పొద్దున్నే దాని ముందు కూర్చుని చూపుడువేలి కణుపుతో రెండుసార్లు కొట్టేది. చెవి ఆనించి వినేది. మూత తీసి వాసన చూసేది. ఆ మూడూ అయితే గాని ఎవరితోనూ మాట్లాడేది కాదు.

"ఏం చెప్పింది?" అని నేను హాస్యమాడేదాన్ని.

"రేత్రి ఉక్కపోసినాదట. కూసింత పులుపెక్కినాదట" అని మొహం మార్చకుండా జవాబిచ్చేది.

ఎండలు ముదిరాక పెరటి గుమ్మం దగ్గరికి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. ఎక్కువమంది నలభై అయిదు దాటినవాళ్ళు, సెగలతో వేగిపోతున్నవాళ్ళు. చర్చి వీధి నుంచి రిటైరైన నర్సమ్మ కూడా వచ్చేది. దొడ్డమ్మ అందరికీ గ్లాసులు నింపేది. గ్లాసు ఇచ్చే ముందు విచారణ తప్పదు.

"ముందు కడుపు సంగతి సెప్పు. పొద్దున్న సాఫీగా అయినాదా నేదా?"

"ఇంతమంది ముందు అడిగీస్తే ఎలాగమ్మా?"

"ఈ వొయిసులో సిగ్గేటే? సిగ్గుపడీ రోజులు అయిపోనాయి. సెప్పు."

ఒక రోజు టైలరు పెళ్ళాం చెమటలు కక్కుతూ వచ్చి గుమ్మంలో కూలబడింది.

"ఏటే, మొకం అలాగున్నాది?"

"సెగలమ్మా. పొయ్యి మీద కూకున్నట్టున్నాది. కోపం ఆపుకోనేకపోతన్నాను. నిన్న మా మావ మీదకి గిన్ని ఇసిరీసేను."

"తగిలినాదా?"

"నేదమ్మా. గోడకి తగిలినాది."

"అయితే రోజుకి రొండు గ్లాసులు తాగు. గురి కుదరతాది."

నర్సమ్మ నవ్వలేక పొట్ట పట్టుకుంది. దొడ్డమ్మ నవ్వలేదు, గ్లాసు నింపింది. పదిహేను రోజుల తర్వాత టైలరు పెళ్ళాం వచ్చి, రాత్రి నిద్ర పడుతోందని, ఉబ్బరం తగ్గిందని చెప్పింది. తరవాణి వల్ల తగ్గిందో, తనకు తానే తగ్గిందో నాకు తెలియదు. దొడ్డమ్మకు మాత్రం అనుమానం లేదు. ఆడదాని ఒంట్లో వచ్చే మంటలన్నీ కడుపులోంచే పుడతాయని, అక్కడే ఆర్పాలని ఆవిడ నమ్మకం.

ఇంతమందిని నిలదీసి అడిగిన మనిషి తన సంగతి ఎవరికీ చెప్పలేదు.

*

ఆ కుండకు మా ఇంట్లో ఇంకో పని ఉంది. ఊరి అమ్మవారికి వైశాఖంలో పండగ. అమ్మవారికి తొలి నైవేద్యం చలిది, అంటే చద్దన్నం, తరవాణి. ఆ తొలి ముంత మా ఇంటి నుంచే వెళ్ళేది. భూములున్నప్పుడు అలాంటి గౌరవాలు చాలా ఉండేవి. అన్నీ పోయాక ఇదొక్కటి మిగిలింది. ఆ రోజు పూజారి డప్పులతో మా గుమ్మం ముందుకొచ్చి నిలబడేవాడు. గోడౌను ముందు నిలబడకుండా, దాన్ని దాటి మా పెంకుటింటికి వచ్చేవాడు.

అమ్మవారి ముంత నింపే కుండను ముట్లు ఆగిన ఆడమనిషే చూడాలని, ఆగి ఏడాది నిండాలని మా ఇంట్లో నియమం. మా నాయనమ్మ అలాగే చూసింది. ఆవిడ తర్వాత దొడ్డమ్మ. దొడ్డమ్మ తర్వాత ఇంట్లో మిగిలిన ఆడమనిషిని నేను ఒక్కదాన్నే. నేను పెళ్ళి చేసుకోలేదు, చీపురుపల్లి హైస్కూల్లో పాఠాలు చెబుతాను. నాకు ఇంకా నెలనెలా వస్తూనే ఉంది. నేను కుండను ముట్టుకోకూడదు. దొడ్డమ్మకు కాలో చెయ్యో పడిపోతే ముంత మా గుమ్మం దాటి వేరే ఇంటికి పోతుంది. ఆవిడ భయమంతా అదే.

ఒక ఏడాది రైసుమిల్లు పెద్దాయన స్వయంగా వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"అమ్మగారూ, మీరు పెద్దోరైపోనారు. ఎండలో ఇబ్బంది పడతన్నారు. ఈ ఏడు ముంత మేం ఎత్తుకుంటాం."

"ఇల్లెత్తుకున్నారు. సాలదేటి?"

"కొనుక్కున్నామమ్మా. ఎత్తుకోనేదు."

"అయితే ఇను. ఇది అమ్మకానికి నేదు."

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి దొడ్డమ్మ నా మంచం మీద కూర్చుని మెల్లగా అడిగింది. "ఏమే, నీకు ఇంకా ఎన్నాళ్ళుంటాదే?"

"అది నా చేతిలో ఉందా దొడ్డమ్మా?"

"మా అమ్మకి నలభైయ్యారుకే ఆగిపోనాది. నీకెందుకు ఇంత లేటు?"

అప్పటి నుంచి నా నెలలు ఆవిడే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను బడికి బయలుదేరుతుంటే గుమ్మంలో అడ్డం నిలబడి, "వచ్చినాదా?" అని అడిగేది. వచ్చిందంటే మొహం తిప్పుకునేది. రాలేదంటే గ్లాసుడు తరవాణి ఇచ్చి, తాగేదాకా కదిలేది కాదు. నాకు సెగలు మొదలైనప్పుడు వీధిలో అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆవిడే. నేను అర్ధరాత్రి చెమటతో తడిసి లేచి కూర్చుంటే చాప తెచ్చి కుండ పక్కన చల్లని గచ్చు మీద వేసేది, ముట్టుకోకుండా పడుకోమనేది. "పడనీ. సెగలొస్తే ఆగిపోడానికే" అనేది. నాకు ఒళ్ళు మండేది. చదువుకున్నదాన్ని, నా ఒంటి సంగతి ఇంత బాహాటంగా మాట్లాడుకోవడం ఏమిటని విసుక్కునేదాన్ని. ఆవిడకు అది నా ఒంటి సంగతి కాదు, ఇంటి సంగతి.

*

చివరి రెండేళ్ళలో దొడ్డమ్మలో కొన్ని మార్పులు వచ్చాయి. ఒకటి చీరలు. వితంతువైన నాటి నుంచి తెలుపు, లేత గోధుమరంగు తప్ప కట్టని మనిషి ముదురు రంగులు కట్టడం మొదలుపెట్టింది. వంకాయరంగు, కాఫీరంగు, నలుపు కలిసిన ఎరుపు.

"ఈ వయసులో సోకులేమిటి దొడ్డమ్మా?" అన్నాను.

"తెల్లసీరలు ఉతకనేకపోతన్నానే" అంది.

రెండోది స్నానం. తెల్లవారక ముందే బావి దగ్గర నీళ్ళ చప్పుడు వినబడేది. నేను లేచేసరికి ఆవిడ బట్టలు తీగ మీద ఆరుతుండేవి. మూడోది నాకు చాలా రోజులు పట్టని విషయం. ఆవిడ కుండను వేలితో కొట్టడం మానేసింది. చెవి ఆనించడం మానేసింది. ఇసక పరుపుకు మూరెడు దూరంలో పీట వేసుకుని, పొడుగాటి కర్రకు కట్టిన కొబ్బరిచిప్ప గరిటెతో మూత జరిపి, అలాగే నీళ్ళు తీసి, అలాగే గంజి పోసేది. వంగలేక అనుకున్నాను. ముసలితనం అనుకున్నాను.

మనిషి చిక్కిపోయింది, పాలిపోయింది. నర్సమ్మ రెండుసార్లు అడిగింది, "పెద్దమ్మగారూ, ఒకసారి పెద్దాసుపత్రిలో చూపించుకోండి. నేను తోడొస్తాను" అని.

"నాకేటి రోగం? రోజుకి మూడు గ్లాసులు తాగతన్నాను" అంది దొడ్డమ్మ.

అది నిజమే. అందరికీ ఒక గ్లాసు ఇచ్చి తాను మూడు తాగేది. నిలబడి, కళ్ళు మూసుకుని, మందు తాగినట్టు తాగేది.

ఆ చలికాలంలో నాకు పది నెలలుగా ఏమీ రాలేదు. దొడ్డమ్మ మొహంలో వెలుగు కనిపించేది. "ఇంకో రొండు నెల్లు" అని తనలో తాను అనుకోవడం విన్నాను. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి చేతిసంచి గోడకు తగిలించి, నవ్వుతూనే చెప్పాను. "మళ్ళీ మొదలు, దొడ్డమ్మా. ఈ రోజు వచ్చింది."

ఆవిడ చేతిలో బియ్యం చేట ఉంది. చేట అలాగే పట్టుకుని గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుండిపోయింది.

"మల్లీనా? మల్లీ ఏడాదా?"

"ఏడాదే కదా. నువ్వు ఇంకా పదేళ్ళు ఉంటావులే."

ఆవిడ చేటలోని బియ్యం వేళ్ళతో సర్దుతూ ఉండిపోయింది. ఎప్పటికో, "ఎల్లు. ఆ మూల పడుకో. కుండ తట్టు రాకు" అంది. నా మీద కోపం వచ్చిందనుకున్నాను.

*

ఆ వైశాఖంలో పండగకు దొడ్డమ్మ నల్లెరుపు చీర కట్టుకుంది. ముంత చుట్టూ తడిగుడ్డ చుట్టి, ఆ గుడ్డతో పట్టుకుని పూజారి నెత్తిన పెట్టింది. ముంతకు చెయ్యి తగలనివ్వలేదు. ఎప్పటిలాగే నడుం నిటారుగా నిలబెట్టి డప్పుల వెనక గుడి దాకా నడిచింది. తిరిగి వచ్చి అరుగు మీద కూర్చుంది. నీళ్ళు అడిగింది. నేను నీళ్ళు తెచ్చేసరికి లేవబోయి పక్కకు ఒరిగింది. అరుగు మీద, ఆవిడ కూర్చున్న చోట, సున్నం మీద మరక. నర్సమ్మ చూసింది, నేను చూశాను. నల్లెరుపు చీరలు ఎందుకో అప్పుడు తెలిసింది.

దొడ్డమ్మ మా ఇద్దరి మొహాలూ చూసింది. "ఎవులైనా వస్తారు. ఆ తుండు కప్పీ దాని మీద" అంది.

విశాఖపట్నం తీసుకెళ్ళాం. గర్భసంచిలో కాన్సర్, అప్పటికే చుట్టూ పాకిపోయిందన్నారు. మొదట్లోనే వస్తే గర్భసంచి తీసేసి బతికించే అవకాశం ఉండేదని అక్కడి డాక్టరు చెప్పాడు. ముట్లు ఆగిన ఆడమనిషికి మళ్ళీ రక్తం కనబడితే ఒక్క రోజు కూడా ఊరుకోకూడదని కూడా చెప్పాడు. దొడ్డమ్మ ఊరుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాను.

"రొండేళ్ళు దాటినాది."

"నాకు చెప్పకూడదా?"

"సెప్తే కుండ వొదిలీయాల కదే. నీకింకా ఆగనేదు. ఎవులు సూస్తారు? నీకు ఆగినాక సెప్దావనుకున్నాను." కాసేపు ఊపిరి తీసుకుంది. "సలికాలంలో అయిపోతాదనుకున్నాను. నువ్వేటి సేస్తావు, దాని టైము దానిది. ఈలోగా తరవాణి తాగితే ఆగిపోతాదనుకున్నాను. అందరికీ తగ్గినాది. నాకే తగ్గనేదు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఒక రహస్యం చెబుతున్నట్టు, "అమ్మోరికి మాత్రం ద్రోహం సెయ్యనేదే. కుండని ముట్టుకోనేదు. గరిటితోనే తీసేను" అంది. మళ్ళీ అడిగింది, "ఇప్పుడెవులు సూస్తన్నారు దాన్ని?"

"నర్సమ్మ చూస్తోంది. రోజూ గంజి పోస్తోంది."

దొడ్డమ్మ ఆలోచించింది. చర్చికి వెళ్ళే మనిషి చేతిలో కుండ ఉందంటే మండిపడుతుందనుకున్నాను. "పరవానేదు. ఆవిడకి ఆగి సాలా కాలమైనాది" అంది.

అదే ఆవిడ చివరిసారి నాతో స్పష్టంగా మాట్లాడిన మాట. శ్రావణంలో పోయింది. మైల తీరిన రోజు ఇంట్లో మట్టికుండలన్నీ ఆచారం ప్రకారం బయట పారేశారు. తరవాణి కుండ కూడా వాటితోనే పోయింది. ఏ తరంలో పోసిన గంజితో మొదలైందో ఎవరికీ తెలియని కుండ. అది ఇంటెదుటి గట్టు మీద పగిలి ఇంకిపోవడం నేను అరుగు మీంచి చూశాను.

*

ఈ ఏడు వైశాఖానికి నాకు ఏడాది నిండలేదు, కుండా లేదు. ముంత రైసుమిల్లు వాళ్ళింటి నుంచి వెళుతుందని ఊళ్ళో తేల్చారు. ఎవరూ నన్ను రమ్మని ప్రత్యేకంగా పిలవలేదు. అయినా వెళ్ళాను. మా గౌరవం పోయిన రోజు మొహం చాటేశారనే మాట నేను పడను. ఇస్త్రీ చీర కట్టుకుని గోడౌను పక్కన, ఒకప్పుడు మా వీధి అరుగు ఉన్న చోట నిలబడ్డాను.

ఎదురుగా ఉన్న వాళ్ళింట్లోంచి ముంత పట్టుకుని వచ్చింది వాళ్ళ చిన్న కోడలు. ముప్పై ఏళ్ళుంటాయేమో. చంకలో ఏడాదిన్నర పిల్ల. వాళ్ళింట్లో ముసలావిడ ఉంది, కాని ముంత ఈ అమ్మాయి చేతిలో ఉంది. ముంత పూజారి నెత్తికెక్కి, డప్పులు ముందుకు కదిలాక ఆ అమ్మాయిని ఆపి అడిగాను, కుండ ఎవరు చూశారని.

"నానే సూసేనమ్మా."

"నీకు తెలియదా? ముట్లు ఆగినవాళ్ళే చూడాలి కదా ఆ కుండని."

ఆ అమ్మాయి తెల్లబోయింది. "అలాగెవులూ సెప్నేదమ్మా. తానం సేసి సుబ్బరంగా సెయ్యమన్నారు పూజారిగారు. ఆ నాలుగు రోజులూ మా అత్తని పొయ్యమన్నాను, అంతే."

పూజారి అక్కడే ఉన్నాడు. ఆయన వైపు తిరిగాను. ఆయన కండువా సర్దుకుంటూ, "అది మీ ఇంటి పట్టింపమ్మా. మీ పెద్దోరు పెట్టుకున్నారు. ఊరికీ అమ్మోరికీ అలాటి నియమం ఎప్పుడూ నేదు" అన్నాడు. మంచిగానే అన్నాడు. డప్పుల వెనక వెళ్ళిపోయాడు.

నేను నిలబడే ఉన్నాను. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. దొడ్డమ్మ ఎవరినీ అడిగే మనిషి కాదు. మా ఇంట్లో ఎవరమూ అడిగేవాళ్ళం కాదు.

ఆ అమ్మాయి గుడికి వెళ్ళి వచ్చి, ఇంకా అక్కడే నిలబడ్డ నన్ను చూసి, లోపలికెళ్ళి గ్లాసు తెచ్చింది. "ఎండలో ఉన్నారు. తాగండమ్మా. ఇది మీ దొడ్డమ్మగారిదే. నాను బాలింతగా ఉన్నప్పుడు కడుపు బాగునేకపోతే ఆవిడే గరిటితో పాతనీళ్ళు తీసి ఇచ్చేరు, గంజిలో కలుపుకో అన్నారు. అలాగే పోసుకుంటా వస్తన్నాను."

ఆ పండగలో మా ఇంటివాళ్ళం పెట్టినవాళ్ళమే గాని, ఇంకొకరి గుమ్మంలో నిలబడి పుచ్చుకున్నవాళ్ళం కాదు. గ్లాసు అందుకున్నాను. దొడ్డమ్మ తాగినట్టే నిలబడి, కళ్ళు మూసుకుని తాగాను. దబ్బాకు వాసన. పులుపు ఆవిడ చేతిలో ఎక్కడ ఆగేదో అక్కడే ఆగింది.